నాలుగో బెంచీ పిలకలు

రోహిణి కార్తె, మూడో రోజు. గుంతలోకి దిగిన పందొమ్మిదో ఏడు.

ఈ రోజు పనులు: నీళ్ళు నాలుగు బిందెలు. వెలుగు పక్కకు జరగక ముందే అద్దం పొయ్యి మీద రెండు పూటల వంట. గుమ్మం నీడగుడ్డ దులపడం. నాగరత్తం చొక్కాకు మోచేతి దగ్గర అతుకు. మందుచెట్లు నాలుగింటికీ పిలకలు తీయడం.

చివరి పనికి ఒక పూట పడుతుందనుకున్నాను. అన్నం ఉడికేలోపే అయిపోయింది. పైన ఉన్న రోజుల్లో మా అమ్మ వెంట పొగాకు చేలలో పిలకలు గిల్లిన చేతులు ఇవి. సాలు పట్టుకుంటే ఆ చివరి దాకా నడక ఆపకుండా గిల్లేదాన్ని. ఇన్నేళ్ళ తర్వాత ఆకుల చంకల్లోకి వేళ్ళు పోనిస్తే వాటంతట అవే వెతుక్కున్నాయి. మొదటి రెండు చెట్లకు మొదలు కూడా మిగలకుండా శుభ్రంగా వచ్చాయి. తర్వాత బొటనవేలి కీలు పట్టేసింది. మూడో చెట్టుకు, నాలుగో చెట్టుకు చాలాచోట్ల మొదళ్ళు మిగిలాయి. రేపు చాకుతో గీకాలి.

మందుగది వాళ్ళు మొక్కలతో పాటు ఇచ్చిన చీటీలో ఉన్నది ఇంతే: "పిలకలు తీసివేయండి. చెట్టు శక్తి పూతకు మళ్ళుతుంది."

నిరుటి దాకా వాళ్ళే అడుగు బెంచీలో తోట పెంచి నూనె ఇచ్చేవారు. రాతి పగుళ్ళలోంచి నీరు ఊరి ఆ తోట కుళ్ళిపోయింది. ఈ ఏడు నుంచి ఎవరి మందు వాళ్ళే పెంచుకోవాలి. పూత ఎండబెట్టి తీసుకెళ్తే నూనె తీసి ఇస్తారు.

మా ఇంట్లో మందు నాగరత్తానికి. నా ఆడబిడ్డ. మా ఆయన పోయాక ఇక్కడ మేమిద్దరమే. దానికి చిన్నప్పటి నుంచి మూర్ఛ. పొద్దున, రాత్రి నాలుక కింద ఆ నూనె చుక్కలు పడితే రాదు. అందువల్లే ఆరేళ్ళుగా గుంత అంచు మీద నిలబడి, మా బెంచీలోకి ఎండను మళ్ళించే పెద్ద అద్దం తిప్పే ఉద్యోగం చేస్తోంది. ఒకప్పుడు నల్లరాయి కోసి అమ్ముకున్న గుంత ఇది. రాయి కోసిన మెట్లనే బెంచీలంటారు. అవి ఎనిమిది. పైన ఎండలకు తాళలేక ఈ గోడల్లో గదులు తొలుచుకుని బతుకుతున్నాం. అంచు మీద కాలు జారితే మొదటి బెంచీలో ఆగుతుందని ఎవరూ చెప్పలేరు.

పొద్దున పైకి చేరగానే నాగరత్తం అద్దాన్ని కొంచెం వంచి మా గోడ మీద ఒక మెరుపు కొడుతుంది. చేరానని చెప్పడం అది. మెరుపు పడేదాకా నేను పొయ్యి మీద గిన్నె పెట్టను. ఈ రోజు పడింది.

సాయంత్రం వచ్చి చెట్లను చూసి నవ్వింది.

"ఏంది వొదినా, వాటి సిగ్గు కూడా గిల్లేశావా? బోసిగా నిలబడుండాయి."

"నవ్వబాక. బలమంతా తలకెక్కుద్ది, చూస్తావుగా."

రోహిణి, ఐదో రోజు.

పనులు: నీళ్ళు మూడు బిందెలు (మోటారు ఆగింది). కందిపప్పు బాగు చేయడం. మేకపాలు కాచి తోడు పెట్టడం. చాకు పట్టలేదు. బొటనవేలు వాచింది, సున్నం పసుపు పట్టు వేశాను.

పక్కింటి ఎస్తేరమ్మ తోడుకు మజ్జిగ అడగడానికి వచ్చింది. బెంచీలో అందరి నీడగుడ్డలూ ఆమే కుడుతుంది. వాళ్ళాయన దావీదు వెన్నునొప్పికి ఇదే మందు. వాళ్ళకు వెనక గది కూడా ఉంది, దానికి మందపాటి తెర కట్టి అందులో పెంచుతోంది. మాకున్నది ఒకటే గది.

నాలుగు చెట్ల మధ్య డబ్బాలో ఉన్న నా తులసిని చూసింది.

"గంజాయి వనంలో తులసి మొక్క అంటే ఇదేగా మే!"

"గట్టిగా అనబాక. మందుచెట్టు అనొచ్చుగా."

"మందుచెట్టంటే వాసన మారుద్దా? అయినా ఇదేంది, ఒక్క కొమ్మా లేదు? నేనైతే ఏం తియ్యలా. దేవుడిచ్చిన కొమ్మ, నాకేం బరువు?"

బద్ధకం, అనుకున్నాను. ఆమె వెళ్ళాక మాత్రం చెట్ల ముందు కూర్చుండిపోయాను. తలలు కాస్త లావెక్కాయి, అంతే. పొగాకైతే పిలకలు తీసిన మూడో రోజుకే ఆకు వెడల్పై నిగనిగలాడేది. ఇవి అలిగినట్టు ఉన్నాయి.

రోహిణి, ఎనిమిదో రోజు.

పనులు: ఏదీ సరిగా చేయలేదు. అన్నం మాడింది.

మందుగది కాంపౌండరు హజరత్తయ్య ఇళ్ళమ్మట చెట్లు చూడటానికి వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎవురమ్మా ఈ పని చేసింది?"

"నేనే. చీటీలో ఉందిగా, పిలకలు తియ్యమని."

"పిలకలన్నాంగానీ కొమ్మలన్నామా?"

"ఆకు చంకలో వచ్చేదాన్ని పిలక అనకపోతే ఏమంటారు?"

"పిలకంటే అడుగునొచ్చేది తల్లా! మొదట్లో! వరికి పిలక యాడొస్తది?"

"నేను వరి ఎప్పుడు చూశాను? మాది పొగాకు."

ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. కండువాతో మొహం తుడుచుకున్నాడు. "మాది కోవూరు. వరి తప్ప ఇంకోటి ఎరగను. ఆ చీటీ రాసింది నేనే," అన్నాడు.

తర్వాత కోపం లేకుండా చెప్పాడు. పొగాకులో మనకు కావలసింది ఆకు. తల తుంచి, పిలకలన్నీ గిల్లితే బలం ఆకులోకి వెళ్తుంది. ఇక్కడ కావలసింది పూత. పూత ప్రతి కొమ్మ చివరా పడాలి. అడుగున నీడలో ఉండే కొమ్మలు మాత్రం తీసేయాలి. వాటికి వెలుగు తగలదు, వాటి ఆకులు తమ తిండి తామే సంపాదించుకోలేవు. పైనుంచి వచ్చిందే తింటాయి, చివరకు తాలు పూత పూస్తాయి.

"తిండికి తిమ్మరాజు, పనికి పోతురాజు," అన్నాను.

"అదే. పై కొమ్మలు అట్టా కాదు. వెలుగులో వాటి ఆకులు వండుకుంటాయి. వాటి పూతకు అవి పెట్టుకుని, మిగిలింది వేరుకు పంపిస్తాయి. నువ్వు తినేవాళ్ళతో పాటు సంపాదించేవాళ్ళను కూడా ఇంట్లోంచి గెంటేశావు."

"ఇప్పుడెంత వస్తుంది?"

"నాలుగు తలలొస్తాయి, లావుగానే. వాటితో ఏడాది గడవదు. సగమో, ఇంకాస్తో."

అద్దాలు పొడుగు వెలుగు ఇవ్వగలిగేది ఎండాకాలంలోనే. మళ్ళీ మొక్కలు పెట్టేది వచ్చే ఏడే.  నాగరత్తానికి సగం ఏడాది చుక్కలు లేకపోతే ఏమవుతుందో నేను చూశాను. వంటింట్లో పడి పళ్ళ మధ్య నాలుక కోసుకున్న రోజు ఒకటి. నూతి చప్టా మీద పడి తల పగిలిన రోజు ఒకటి.

హజరత్తయ్య మూడో చెట్టు దగ్గర వంగి, ఆకుల చంకల్లో వేలితో తడిమాడు. "ఇక్కడ మొదలు మిగిలిందే! పచ్చగా కన్ను లేచింది, చూడు." నాలుగో చెట్టుకూ అంతే. మొదటి రెండింట్లో ఏమీ లేదు.

పట్టేసిన వేలి వల్ల మిగిలిన మొదళ్ళు అవి. చాకుతో గీకాలనుకున్నవి. వాపు తగ్గి ఉంటే ఈ పాటికి గీకేసి ఉండేదాన్ని.

"ఇవి కొమ్మలు కావాలంటే ఒక కార్తె పడుద్ది. మృగశిర రాంగానే అందరి చెట్లకీ వెలుగు తగ్గించి పూతకు తిప్పుతాం. నువ్వు ఆరుద్ర దాకా ఆగాల. ఆ మృగశిర అంతా సాయంత్రం పూట దీపం పడాల, లేకపోతే చీకటి ఎక్కువై అప్పుడే పూతకొచ్చేస్తాయి. నాలుగు చెట్లకు ఒక్క దీపం చాలదు. రెండు కావాల." లేచి, గడప దగ్గర తిరిగి అడిగాడు. "నాగరత్తం సీసాలో ఎంతుంది?"

తీసి వెలుగుకు పెట్టి చూశాం. ఆశ్లేష చివరి దాకా వస్తుంది. ఆగితే కొత్త నూనె చేతికొచ్చేది మఖ చివరలో. మధ్యలో పదిరోజుల పైన ఖాళీ సీసా.

రోహిణి, తొమ్మిదో రోజు.

పనులు: నీళ్ళు నాలుగు బిందెలు. రాగి అంబలి. నాగరత్తంతో మాట్లాడటం. పనుల్లో రాయదగ్గది కాదుగానీ, ఈ రోజు అన్నిటికంటే కష్టమైంది అదే.

అది అంబలి తాగుతూ మొత్తం విన్నది. నేను ఏడవకూడదనుకున్నాను. ఏడ్చాను.

"నన్నేమైనా అనవే," అన్నాను.

"ఏమనాల? పొగాకు మనిషివి, పొగాకు పని చేశావు. చేపను తీసుకొచ్చి చెట్టెక్కమన్నది వాళ్ళు." గిన్నె కింద పెట్టింది. "ఆగుదాం వొదినా. సగం ఏడాది మంచాన పడుండే కంటే పదిరోజులు ఇంట్లో కూర్చోటం నయం గదా."

"అంచు మీదికి పోవుగా ఆ పదిరోజులూ?"

"పోను."

"ఒట్టు?"

"ఒట్టెందుకు, తాడేసి కట్టెయ్. కూర్చుంటా."

గోడ అవతల కుట్టు మిషను ఆగింది. ఈ గోడలు రాతివే అయినా మాట ఆగదు. ఎస్తేరమ్మ దీపం చేత్తో పట్టుకుని వచ్చి మా చెట్ల పక్కన పెట్టింది.

"రెండు కావాలన్నాడంట గదా. మృగశిర పుట్టంగానే పెట్టుకో, ఇంద."

"మరి నీ కుట్టు?"

"పొద్దున్నే లేచి కుట్టుకుంటాలే. పిల్ల పైనుండకపోతే మనకు పొద్దు యాడిది?"

సాయంత్రాలు ఇంటికొక దీపమే ఇస్తారు. బ్యాటరీలో ఉన్నంతసేపు వెలుగుతుంది. అది ఇచ్చేసిందంటే ఆమె చీకట్లో కూర్చోవలసిందే.

చేబదులు: ఎస్తేరమ్మ దగ్గర, ఒక కార్తె సాయంత్రాల దీపం.

మృగశిర, ఆరో రోజు.

పనులు: నీళ్ళు నాలుగు బిందెలు. గోంగూర పచ్చడి. దీపాలు రెండూ మార్చి మార్చి నాలుగు చెట్లకూ జరపడం.

బెంచీలో అందరి చెట్లూ చీకటికి తిరిగాయి. మావి మాత్రమే వెలుగులో ఉన్నాయి. మూడో దానికి తొమ్మిది, నాలుగో దానికి పదకొండు కొమ్మలు లేచాయి. మొదటి రెండూ ఒంటి కాలి మీద కొంగల్లా నిలబడి ఉన్నాయి. ఎంత వెలుగు పోసినా చంకల్లో కదలిక లేదు. అంత నేర్పుగా ఎందుకు గిల్లానా అనిపిస్తుంది.

చీకట్లో మజ్జిగ చిలకలేక ఎస్తేరమ్మ మా ఇంటికి వచ్చి చిలుకుతోంది. చెట్లకు పడగా మిగిలిన వెలుగు మా ఇద్దరికీ చాలు.

"మీ చెట్లు మాకంటే దర్జాగా ఉన్నాయే మే. రాత్రి పూట దీపం కింద కూర్చుని కలెక్టర్లు కావాలా ఏంది?"

మృగశిర, పన్నెండో రోజు.

పనులు: నీళ్ళు నాలుగు బిందెలు. పాత చీరతో రెండు గుడ్డ సంచులు. అడుగు కొమ్మలు తీయడం.

కొమ్మ మీద చెయ్యి వేయాలంటే భయమేసింది. ఎక్కడి దాకా తీయాలని హజరత్తయ్యను అడిగితే, "నీడ యాడ దాకా ఉంటే ఆడ దాకా," అన్నాడు. నీడకు గీత ఉంటుందా? మధ్యాహ్నం అద్దం వెలుగు నిండుగా ఉన్నప్పుడు స్టీలు కంచం తెచ్చి ఒక్కో కొమ్మ పక్కన పెట్టి చూశాను. కంచం మెరిస్తే కొమ్మ ఉంచాను. మెరవకపోతే తీశాను. మూడో దానికి మూడు, నాలుగో దానికి నాలుగు పోయాయి. ఆకులు ముట్టుకోలేదు. వండేది అవేనని ఆయన చెప్పాడుగా.

తీసిన ప్రతి కొమ్మనూ రెండుసార్లు చూసి తీశాను. మొదటిసారి ఈ భయం ఉంటే బాగుండేది.

ఆరుద్ర, రెండో రోజు.

పనులు: నీళ్ళు నాలుగు బిందెలు. ఎస్తేరమ్మ దీపం తుడిచి తిరిగి ఇవ్వడం. పొద్దు వాలగానే చెట్ల చుట్టూ దుప్పట్లు కట్టడం.

నిన్నటి నుంచి మా చెట్లకూ సాయంత్రం చీకటే. దుప్పటి సందుల్లోంచి కొంచెం వెలుగు దూరినా పూత చెదిరిపోతుందట. ఉన్నది ఒకటే గది కాబట్టి మేమూ చీకట్లోనే. ఎలాగూ వెలిగించుకోలేని దీపం కదా అని మాది కూడా తీసుకెళ్ళి ఎస్తేరమ్మకు ఇచ్చాను. రెండు దీపాల కింద మిషను ముందు రాణిలా కూర్చుంది.

"ఇంకేం, నీ చేబదులు తీరిపోతుందిలే," అంది.

"ఇది లెక్కలోకి రాదు."

"ఏం? దీపం కాదా ఇది?"

"నువ్విచ్చింది నీకు కావలసిన దీపం. నేనిస్తున్నది నాకు అక్కర్లేనిది. అక్కర్లేనిది ఇస్తే బాకీ తీర్చినట్టా, పారబోసినట్టా?"

"మిగిలిపోయి పారబోసే రోజున పోసినా మజ్జిగ మజ్జిగే గదా మే!"

"తాగేవాళ్ళకు. పోసేవాళ్ళకు కాదు."

చీకట్లోంచి నాగరత్తం నవ్వు వినిపించింది. "ఆమెతో లెక్కలు పెట్టుకోబాక ఎస్తేరక్కా. మా అన్నే గెలవలా."

ఆశ్లేష, నాలుగో రోజు.

పనులు: నీళ్ళు నాలుగు బిందెలు. ఎస్తేరమ్మ పూత కోతకు సాయం. చింతపండు పిక్కలు తీయడం.

ఎస్తేరమ్మ చెట్లు పొదల్లా ఉన్నాయి. కోస్తుంటే గంపలు నిండాయి. "చూశావా, దేవుడిచ్చింది తియ్యకపోతే ఎంతొచ్చిందో," అని మురిసింది. హజరత్తయ్య వచ్చి గంపలోకి చెయ్యి పెట్టి అడుగు కొమ్మలవి వేరు చేశాడు. వేళ్ళ మధ్య నలిపితే పొట్టులా రాలాయి. తాలు. గంపలో మూడోవంతు అదే. పై పూతకు రావలసిన బలం అవి తినేశాయి. ఎస్తేరమ్మ మొహం చిన్నబోయింది. దావీదు మందుకు సరిపోతుందని ఆయన అన్నాకనే మళ్ళీ నోరు లేచింది. "తాలు పోసి తలగడ కుట్టుకుంటాలే. బాగా నిద్ర పడుద్ది."

మావి ఇంకా పూతలో ఉన్నాయి. నాగరత్తం సీసా వంచితే నూనె నిదానంగా జారుతోంది.

మఖ, మొదటి రోజు.

పనులు: మా పూత కోత. దండేలకు కట్టడం. నాగరత్తం బూట్లు అటక మీద పెట్టడం.

నిన్న రాత్రి సీసాలోకి రెండు బొట్లు నీళ్ళు వేసి కడిగి తాగింది. ఇక లేదు. ఈ పదిరోజులూ మా అద్దం కూడా ఐదో బెంచీ అద్దం మనిషే తిప్పుతాడు. ఈ పొద్దున మెరుపు పడలేదు. మనిషి ఎదురుగానే కూర్చుని ఉంది, అయినా నా కళ్ళు గోడ మీదికే వెళ్తున్నాయి.

మఖ, ఆరో రోజు.

పనులు: నీళ్ళు ఒక బిందె. వంట లేదు. నాలుగో బెంచీలో ఎవరికీ లేదు.

మొన్న రాత్రి దుమ్ముగాలి కొట్టింది. అద్దం పళ్ళచక్రంలో ఇసుక పడి బిగుసుకుంది. ఐదో బెంచీ అద్దం మనిషి వచ్చి లాగి చూశాడు, కదల్లేదు. అది ఆరేళ్ళుగా నాగరత్తం చెయ్యి ఎరిగిన చక్రం. రెండు రోజులుగా మా బెంచీలో చీకటి. పొయ్యిలు లేవు, బ్యాటరీలు ఆఖరయ్యాయి. మా దండేల మీద పూత ఆరడం మానేసి మెత్తబడుతోంది. బూజు పడితే మొత్తం పారబోయాలి. వాసన చూస్తున్నాను, గంటకోసారి.

బెంచీలో వాళ్ళంతా మా గుమ్మం ముందు నుంచి వెళ్తూ లోపలికి చూసి వెళ్తున్నారు. అంతే.

తెల్లవారుజామున లేచేసరికి నాగరత్తం అటక మీది బూట్లు దించుతోంది.

"ఒట్టు పెట్టావు."

"పెట్టలా. తాడేసి కట్టెయ్యమన్నా. కట్టు."

నీళ్ళ బిందెలు లాగే తాడు తీసుకున్నాను. ఎండ రాకముందే పైకి చేరాం. పందొమ్మిదేళ్ళలో నేను అంచు మీదికి ఎక్కడం ఇది రెండోసారి. అద్దం ముందు నాగరత్తం నడుముకు బెల్టు ఉంటుంది. చక్రం బాగు చేయాలంటే మాత్రం బెల్టు విప్పి అవతలి పలక మీదికి దాటాలి. మూరెడు వెడల్పు పలక. అటుపక్క ఏమీ లేదు.

తాడు ఒక కొస దాని నడుముకు కట్టాను. ఇనుప స్తంభానికి రెండు చుట్లు తిప్పి రెండో కొస నా నడుముకు కట్టుకున్నాను. స్తంభానికి కాళ్ళు తన్నిపెట్టి కూర్చున్నాను.

అది దాటింది. జడపిన్నుతో పళ్ళ మధ్య ఇసుక గీకింది, ఊదింది, బూతులు తిట్టింది. చక్రం కిర్రుమంది. అద్దం మెల్లగా ఒరిగింది. వెలుగు ఎదుటి గోడ మీంచి జారి, మూడో బెంచీ దాటి, నాలుగో బెంచీ మీద పరుచుకుంది. కింద జనం కేకలు వినపడ్డాయి.

నాగరత్తం ఇటు తిరిగి నవ్వబోయి ఆగింది. ముక్కు ఎగబీల్చింది.

"వొదినా, బ్యారన్ వాసనొస్తంది."

బ్యారన్ అంటే పొగాకు కాల్చే కొట్టం. అవి పోయి ముప్పయ్యేళ్ళు. మూర్ఛ వచ్చే ముందు దానికి ఆ వాసన వస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే.

"కూర్చో. రావద్దు. ఉన్నచోటే కూర్చో!"

సగం కూర్చుంది. అంతలోనే ఒళ్ళు బిర్రబిగిసి పక్కకు ఒరిగింది. తాడు నా నడుములోకి దిగింది. స్తంభం చుట్టూ కరకరలాడింది. దాని కాళ్ళు గాల్లో కొట్టుకుంటున్నాయి. నేను దగ్గరికి వెళ్ళలేను. వెళ్తే తాడు వదులవుతుంది. తల పట్టుకోలేను, నోట్లో నురుగు తుడవలేను. వెనక్కి వాలి లాగిపట్టడం ఒక్కటే చేయగలను. దాని పేరు పిలుస్తూనే ఉన్నాను. మా అత్తగారు పిలిచినట్టు, రత్తీ, రత్తీ అని.

ఎంతసేపో రాయలేను. ఈ పుస్తకంలో నేను కొలిచి రాయని పని ఇదొక్కటే.

ఒళ్ళు వదులైంది. ఊపిరి గురకగా మారింది. చాలాసేపటికి కళ్ళు తెరిచి, "పడ్డానా?" అంది.

"లేదు. వెలుగు పడింది."

మఖ, పన్నెండో రోజు.

పనులు: పూత సంచులు మందుగదికి మోయడం. నూనె సీసా తేవడం.

బూజు పట్టలేదు. వెలుగు సమయానికి పడింది. హజరత్తయ్య ఒక్కో చెట్టుదీ విడిగా తూచాడు. ఒంటికాలివి రెండూ ముప్పయ్యారు, ముప్పయ్యెనిమిది గ్రాములు. మూడోది యాభై ఐదు. నాలుగోది అరవై ఐదు. కావలసింది రెండువందలు. ఆరు తక్కువ.

"తాలు లేదు, అంతా గట్టి పూత," అన్నాడాయన. "వచ్చే పంటకు ఓ పదిరోజుల ముందు దాకా వస్తుందమ్మా. ఆ పదిరోజులకు మందుగదిలో ఎవరిదైనా మిగిలితే చూస్తా. మాటివ్వలేను."

కొత్త చీటీ కూడా చూపించాడు. "పిలకలు" కొట్టేసి "అడుగున నీడలో ఉండే కొమ్మలు" అని రాశాడు. కింద ఇంకో వాక్యం: కంచం పెట్టి చూసుకోండి.

ఇంటికొచ్చి చుక్కలు వేశాను. నాగరత్తం నాలుక చప్పరించింది. "పదిరోజులేగా. మళ్ళీ తాడు కట్టుకుందాం."

నాకు నవ్వు రాలేదు. తాడు ఉతికి, ఆరేసి, గూట్లో పెట్టాను. పారేయను.

ఈ సాయంత్రం నుంచి మా దీపం ఎస్తేరమ్మకు. ఇప్పుడు గదిలో చెట్లు లేవు. నాకు దీపం కావాలి. అందుకని ఇది లెక్కలోకి వస్తుంది.

పుబ్బ, పదమూడో రోజు.

పనులు: నీళ్ళు నాలుగు బిందెలు. పప్పుచారు. చీకట్లో తడుముకుంటూ ఉప్పు రెండుసార్లు వేసిన నిన్నటి కూర బాగు చేయడం. ఎస్తేరమ్మ ఇంటి నుంచి దీపం తెచ్చుకోవడం.

నిన్నటితో కార్తె నిండింది. దీపం ఇస్తూ ఎస్తేరమ్మ గొణిగింది. "ఒకే బాకీ రెండుసార్లు తీర్చిన మనిషిని నిన్నే చూశా మే. ఆరుద్రలో ఇచ్చింది గాలికి పొయ్యిందా?"

"అది మజ్జిగ."

పొద్దున నాగరత్తం పైకి వెళ్ళి చాలాసేపైంది. గిన్నె పట్టుకుని గోడకేసి చూస్తూ నిలబడ్డాను. మెరుపు రాలేదు. తాడున్న గూటి వైపు చూశాను. అంతలో పక్కింట్లోంచి కేక.

"ఏందిమే ఇది! నా గోడ మీద పిడుగు పడింది!"

పరిగెత్తాను. ఎస్తేరమ్మ గోడ మీద మెరుపు ఒకసారి, రెండుసార్లు, మిషను మీద ఒకసారి, నిద్రలేచి కూర్చున్న దావీదు బట్టతల మీద ఒకసారి ఆడింది. తర్వాత తాపీగా మా గోడ మీదికి వచ్చి ఆగింది. పొయ్యి మీద గిన్నె పెట్టాను.

సాయంత్రం ఇంటికొచ్చాక అడిగాను, అద్దంతో ఆ పిల్లచేష్టలేంటని.

"అసలు నువ్వు తీర్చావుగా," అంది, బూట్లు విప్పుకుంటూ. "వడ్డీ నాది."

ఎస్తేరమ్మ దగ్గర చేబదులు, ఒక కార్తె సాయంత్రాల దీపం: అసలు నేను ఇచ్చాను, వడ్డీ నాగరత్తం ఇచ్చింది. చెల్లు.